నేర నివారణకు జీవనోపాధే పునాది

ప్రజల ధన, మాన, ప్రాణాలను కాపాడటం ప్రభుత్వపు ప్రథమ విధి. ఇందులో భేదాభిప్రాయానికి తావు లేదు. అయితే ఆ విధి పోలీసు ఠాణాలో మొదలై కారాగారంలో ముగిసేదేనా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు శాంతిభద్రతలను, పోలీసును, కారాగారాలను రాష్ట్ర జాబితాలో చేర్చింది. కాని నేరానికి దారితీసే పరిస్థితులు ఏ ఒక్క శాఖ పరిధిలోనూ ఇమిడేవి కావు. భూమి, అడవి, వర్తకం, విద్య, వైద్యం మొదలైన రంగాలలో ప్రభుత్వం తీసుకునే ప్రతి నిర్ణయం ఎవరో ఒకరి బ్రతుకుతెరువును పెంచుతుంది, లేదా తుంచుతుంది. బ్రతుకుతెరువును తుంచిన ప్రభుత్వమే ఆ తరువాత నేరాలను లెక్కించడానికి పూనుకుంటే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి నేరజాతుల చట్టం చరిత్రను మించిన పాఠం లేదు.

పుట్టుకే నేరమైన కాలం

1871లో బ్రిటిషు ప్రభుత్వం ఈ చట్టాన్ని చేసింది. తొలుత ఉత్తర భారతంలో అమలైన ఈ విధానం, 1911లో వచ్చిన కొత్త చట్టంతో మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. మనిషి చేసిన పనిని బట్టి గాక, పుట్టిన జాతిని బట్టి అతనిని నేరస్థుడుగా పరిగణించడం దీని స్వభావం. పేరు నమోదు, వేలిముద్రలు, నిర్ణీత వేళలలో హాజరు, ఊరు దాటాలంటే అనుమతి పత్రం వంటి ఆంక్షలు స్త్రీ పురుషుల నిత్యజీవితాన్ని బంధించాయి.

ఆ జాబితాలో చేరినవారిలో తెలుగు జిల్లాల ఎరుకలు కూడా ఉన్నారు. వీరిలో పలువురు పూర్వం సంచార వర్తకులు. సముద్రతీరం నుండి ఉప్పును ఎద్దులపై, గాడిదలపై వేసుకొని లోపలి గ్రామాలకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకొనేవారు. స్త్రీలు బుట్టలు, చాపలు అల్లేవారు, సోది చెప్పేవారు. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్థంలో ఈ జీవనంపై దెబ్బ మీద దెబ్బ పడింది. ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ బిగిసింది. రైలుమార్గాలు వచ్చి పెద్ద వర్తకులకు సరకు రవాణా సులభం చేశాయి. 1876-78 నాటి మహాక్షామం గ్రామాలను గుల్ల చేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవులలో స్వేచ్ఛగా వెదురు, ఆకు సేకరించుకొనే వీలును, పశువులను మేపుకొనే వీలును కుదించింది. తిరిగి బ్రతకవలసిన వానికి తిరగడమే అనుమానాస్పదమైంది. ఇన్ని మార్పులకు కారణమైన పాలకులు, వాటి ఫలితాన్ని మాత్రం ఒక జాతి రక్తంలో వెదికారు.

స్టువర్టుపురం చెప్పే పాఠం

బాపట్ల సమీపాన ఉన్న స్టువర్టుపురం ఆ విధంగా 1910ల దశకంలో ఏర్పడిన సెటిల్మెంటు. నాటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేర వెలసిన ఈ గ్రామాన్ని సాల్వేషన్ ఆర్మీ నిర్వహించింది. అక్కడివారిలో కొందరికి సేద్యం, కొందరికి చీరాల పొగాకు కర్మాగారంలో కూలి లభించాయి. పని దొరికిన మాట నిజమే. కాని అది కావలి మధ్య దొరికిన పని. స్వేచ్ఛ లేని ఉపాధి గౌరవాన్ని ఇవ్వలేదు. ఊరి పేరే ఒక ముద్రగా మారి తరతరాలను వెంటాడింది.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో నియమితమైన సంఘం సిఫారసుల దరిమిలా 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. నేరజాతులు విముక్త జాతులయ్యాయి. కాని రద్దు శాసనం ఎవరికీ ఎకరం భూమిని గాని, చేతివృత్తిని గాని ఇవ్వలేదు. పైగా అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో పాత అనుమానం పలు రాష్ట్రాలలో కొనసాగింది.

1970ల దశకంలో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురంలో చేసిన కృషి ఇక్కడ పేర్కొనదగినది. చట్టం వేసిన ముద్రను చెరపడానికి శిక్ష చాలదనీ, నమ్మకం, చదువు, ఉపాధి కావాలనీ వారి కృషి చాటింది. చంబల్ లోయలో 1960లో వినోబా భావే ఎదుట, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ఎదుట బందిపోట్లు ఆయుధాలు విడిచిన ఉదంతాలు కూడా ఈ సత్యాన్నే బలపరిచాయి. ఆయుధం దించిన చేతికి పని చూపడం అటు తరువాత ప్రభుత్వం వంతు.

రాజ్యాంగం అప్పగించిన బాధ్యత

పౌరులందరికీ తగిన జీవనాధారం లభించేటట్లు ప్రభుత్వ విధానం సాగాలని రాజ్యాంగం 39వ అధికరణం నిర్దేశిస్తున్నది. బలహీన వర్గాల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని 46వ అధికరణం చెబుతున్నది. ఇవి న్యాయస్థానాల ద్వారా అమలు జరిపించుకోదగినవి కాకపోయినా, 21వ అధికరణంలోని జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా అంతర్భాగమని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బ్రతుకుతెరువును హరించడం బ్రతుకునే హరించడమన్నది ఆ తీర్పు సారాంశం. పుట్టుకను బట్టి ఖైదీలకు పనులు కేటాయించే నిబంధనలను, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను అదే న్యాయస్థానం 2024 అక్టోబరు 3న కొట్టివేసింది. చట్టం రద్దయిన 72 సంవత్సరాల తరువాత కూడా దాని నీడ కారాగార నియమావళిలో మిగిలి ఉండటం గమనార్హం.

పేదరికమే నేరమా?

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. పేదవారందరూ నేరాలు చేయరు; నిజాయితీగా కష్టపడేవారే వారిలో అత్యధికులు. కలిగినవారు చేసే మోసాలకు ఆకలి కారణం కాదు. నేరం వల్ల ఎక్కువ నష్టపోయేదీ పేదవాడే: అతని ఇంట పోయిన ఒక్క మేక ఆ యేటి ఆదాయమంతా కావచ్చు. కనుక సమర్థమైన పోలీసు, సత్వర న్యాయం అతనికే ఎక్కువ అవసరం. అయితే 2022 చివర మన కారాగారాలలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. సంపాదించే మనిషి ఇలా నెలల తరబడి లోపల ఉంటే ఇంటిల్లిపాది జీవనాధారం తెగిపోతుంది. ఒక నేరాన్ని విచారించే జాప్యమే మరొక నేరానికి బీజం కాగలదు.

చేయవలసినది

విముక్త, సంచార జాతుల స్థితిగతులపై రెంకే కమిషను 2008లో నివేదిక ఇచ్చింది. పోటీ పరీక్షల శిక్షణ, ఆరోగ్య బీమా, జీవనోపాధి, గృహనిర్మాణం అనే నాలుగు అంగాలతో 2022లో సీడ్ పథకం ఆరంభమైంది. ఉద్దేశం మంచిది. కాని స్థిరమైన చిరునామా లేని కుటుంబానికి కుల ధ్రువీకరణ పత్రం దొరకనంత కాలం ఏ పథకమైనా దాని గడప తొక్కదు. గుర్తింపు పత్రాలను వారి విడిదికే వెళ్ళి ఇవ్వడం, పిల్లలకు వసతితో కూడిన చదువు, నివేశన స్థలానికి పట్టా, విడుదలైన ఖైదీకి పని ఇవ్వాలి. ఇవి దయతో చేసే ఉపకారాలు కావు. నేర నివారణలో భాగాలే.

నమోదైన కేసులు, పడిన శిక్షలు మాత్రమే ప్రభుత్వ సామర్థ్యానికి కొలబద్దలు కారాదు. ఒకనాడు అనుమానితుల జాబితాలో పేరు నమోదైన మనిషి మనుమరాలు నేడు బడి హాజరు పట్టీలో ఉన్నదా, లేదా? ఆ ప్రశ్నకు వచ్చే సమాధానమే అసలైన కొలబద్ద.