సాగరవీరుల పతకాలు

యుద్ధమనగానే మనకు ఆయుధధారియైన సైనికుడే స్ఫురిస్తాడు. ఆ సైనికునికి ఆహారాన్ని, ఇంధనాన్ని, మందుగుండును చేరవేసిన సరకుల ఓడలను గాని, వాటిని నడిపిన వాణిజ్య నౌకాధికారులను గాని లోకం అంతగా తలచుకోదు. రెండో ప్రపంచ యుద్ధంలో (1939-1945) బ్రిటిష్ వాణిజ్య నౌకలలో పనిచేస్తూ దాదాపు 30,000 మంది నావికులు అసువులు బాశారు. వారిలో వేలాదిమంది భారతీయులు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు కురిసిన రోజులలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. 1941 మే వరకు, ఓడ మునిగిన నాటితోనే బ్రిటిష్ నావికుని జీతం కూడా సాధారణంగా ఆగిపోయేది. అటువంటి వారి సేవకు మిగిలిన గుర్తులు పతకాలు. వాటి సేకరణ కేవలం కాలక్షేపం కాదు, అదొక చరిత్రాధ్యయనం.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో బ్రిటన్ 'మర్కంటైల్ మెరైన్ వార్ మెడల్' అనే కంచు పతకాన్ని నెలకొల్పింది. దాని పట్టీలోని ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు రంగులు ఓడకు కుడిఎడమల వెలిగే దీపాలకు, స్తంభంపై వెలిగే దీపానికి సంకేతాలు. పతకం అంచున గ్రహీత పేరు ఉంటుంది.

రెండో యుద్ధానికి సంబంధించిన '1939-45 స్టార్', 'అట్లాంటిక్ స్టార్', 'బర్మా స్టార్' వంటి నక్షత్రాకార పతకాల తీరు వేరు. బ్రిటిష్ వాణిజ్య నావికులకు ఇచ్చిన ఈ పతకాలపై పేర్లు లేవు. ప్రాచీన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య కవి పేరును, వంశాన్ని తెలుపుతుంది. ఆ తాటాకు శిథిలమైతే కావ్యం మిగిలినా కర్త మరుగున పడతాడు. పత్రాలు పోయిన నక్షత్ర పతకం కూడా అంతే. లోహం మిగులుతుంది, మనిషి మాయమవుతాడు. కనుక పతకం వచ్చిన అట్టపెట్టెను, నావికుని డిశ్చార్జి పుస్తకాన్ని, ఉత్తరాలను సేకర్త పతకంతో సమానంగా కాపాడాలి. లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలోని పతక పత్రాలతో వివరాలను సరిపోల్చుకోవాలి.

సాహసానికి లభించిన పతకాలు అరుదైనవి. నౌకాబీమాకు పేరొందిన లండన్ లాయిడ్స్ సంస్థ 1940లో ఒక వెండి పతకాన్ని నెలకొల్పింది. దానిని పొందినవారిలో విక్టోరియా డ్రమండ్ అనే మహిళా ఇంజనీరు ఒకరు. 1940 ఆగస్టు 25న అట్లాంటిక్ సముద్రంలో 'బొనీటా' నౌకపై శత్రువిమానం దాడి చేసింది. ఆమె తోటివారిని ఇంజిను గది నుండి పైకి పంపివేసి, తానొక్కతే అక్కడ నిలిచి, నౌకకు మునుపెన్నడూ లేనంత వేగాన్ని సమకూర్చింది. ఆ వేగమే నౌకను బాంబుల బారినుండి తప్పించింది. 1942 ఆగస్టులో ఛిన్నాభిన్నమైన 'ఒహాయో' చమురు ఓడను మాల్టా రేవుకు చేర్చిన కెప్టెన్ డడ్లీ మేసన్‌కు 'జార్జి క్రాస్' లభించింది. ఉత్తర ధ్రువ సముద్రంలో ప్రయాణించిన వారికి మాత్రం 'ఆర్కిటిక్ స్టార్' 2013లో గాని అందలేదు. అప్పటికి ఆ నావికులలో అధికులు కాలధర్మం చెందారు.

సేకర్తకు కొన్ని నియమాలు తప్పనిసరి. పతకాన్ని మెరుగుపెట్టరాదు, తోమినకొద్దీ అంచుమీది అక్షరాలు అరిగిపోతాయి. ఒకే వ్యక్తి పతకాలను అధిక ధరకు ఆశపడి విడదీయరాదు. విడిపోయిన పేరులేని పతకాలను తిరిగి జతపరచడం దాదాపు అసాధ్యం. పతకానికి వెల కట్టవచ్చు. దాని వెనుకనున్న జీవితాన్ని కాపాడటమే సేకర్త ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు
అసువులు బాయు = ప్రాణాలు విడుచు
గ్రహీత = స్వీకరించిన వ్యక్తి
అభిలేఖాగారం = ప్రాచీన పత్రాలను భద్రపరచు చోటు
కాలధర్మం చెందు = మరణించు

ప్రశ్నలు
1. పేరులేని పతకాన్ని రచయిత దేనితో పోల్చారు? ఆ పోలిక ఔచిత్యాన్ని వివరించండి.
2. విక్టోరియా డ్రమండ్ సాహసాన్ని తెలపండి.
3. పతకాల సేకర్త పాటించవలసిన నియమాలేవి?