తుపానులో పాడినవారు

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 4:35–41, 2 తిమోతి 1:6–8, హెబ్రీయులకు 2:14, 15

గలిలయ సముద్రము పేరునకు సముద్రమే గాని, నిజమునకు మంచినీటి సరస్సు. పొడవు ఇంచుమించు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. అది సముద్రమట్టమునకు 200 మీటర్లకు పైగా దిగువనున్న పల్లములో, కొండల నడుమ నున్నది. ఆ కొండల సందులనుండి గాలి ఒక్కసారిగా దిగివచ్చినప్పుడు నిశ్చలముగా నున్న నీరు కొద్దిసేపటిలోనే అల్లకల్లోలమగును. ఆ రాత్రి దోనెలోనున్న శిష్యులలో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను ఆ నీటిమీద జీవనము చేసిన జాలరులు. నీటినెరుగని పట్టణవాసి భయపడుట వేరు, జాలరి భయపడుట వేరు. నశించిపోవుచున్నామని వారు కేకవేసినప్పుడు దోనె నిజముగా నిండుచునే యున్నది. కనుక వారి భయమును చూచి నవ్వుటకు ఒడ్డుననున్న మనకు అధికారము లేదు.

అపాయము లేదని ప్రభువు వారితో చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్న వేరు. మన తెలుగు బైబిలులో 40వ వచనమున, వారెందుకు భయపడుచున్నారని ఆయన అడిగినట్లున్నది. గ్రీకు మూలమున అచ్చటనున్నది భయమునకు సాధారణముగా వాడబడు 'ఫోబోస్' అను మాట కాదు. పిరికివాడని అర్థమిచ్చు 'దేయిలోస్' అను మాట. పిరికితనము దేవుడిచ్చిన ఆత్మ కాదని పౌలు తిమోతికి వ్రాసినప్పుడు ఆ కుటుంబమునకు చెందిన మాటనే వాడెను. ప్రకటన 21:8లోని పిరికివారును వీరే. తెలుగులో చదువువారికి ఈ మూడు వచనముల సంబంధము వెంటనే కనబడదు గనుక ఇంత వివరముగా చెప్పవలసివచ్చినది.

ఇక 41వ వచనము చూడుడి. గాలి అణగి నిమ్మళమైన తరువాత శిష్యులు మిక్కిలి భయపడిరి. ఇచ్చట 'ఫోబోస్' అను మాటయే కలదు. దీనిని ప్రభువు గద్దింపలేదు. దోనెలో తమతోకూడ నున్నవాడెవడో అప్పుడప్పుడే గ్రహించుచున్నవారి భయమది. మొదటిది వారిని ప్రభువుమీద నిష్ఠురమాడునట్లు చేసెను, రెండవది ఆయన ఎవరని విచారింపజేసెను. భయము కలుగుట పాపమని ఈ భాగము బోధించుట లేదు. దావీదు కూడ తనకు భయము కలుగు దినము లున్నవని 56వ కీర్తనలో దాచక ఒప్పుకొనెను.

ఈ సంగతిని తన బోధవలన గాక తన అవమానమువలన నేర్చుకొనిన యొకని చరిత్ర చూతము. 1735 అక్టోబరులో జాన్ వెస్లీ ఇంగ్లండునుండి అమెరికాలోని జార్జియాకు 'సిమ్మండ్స్' అను ఓడలో బయలుదేరెను. వయస్సు 32 సంవత్సరములు. ఆక్స్‌ఫర్డు పండితుడు, అభిషేకము పొందిన బోధకుడు, ఉపవాస ప్రార్థనలలో మిక్కిలి నియమము గలవాడు. ఆ ఓడలోనే 26 మంది మొరేవియను విశ్వాసులు, స్త్రీలు పిల్లలతో సహా, ప్రయాణము చేయుచుండిరి. వారితో మాటలాడవలెనని వెస్లీ జర్మను భాష నేర్చుకొన నారంభించెను. ఇతర ప్రయాణికులు చేయుటకు సిగ్గుపడిన నీచమైన పనులను వారు జీతము పుచ్చుకొనకుండ చేయుచుండిరి. ఎవరైన త్రోసినను, కొట్టినను, లేచి మారుమాట లేక వెళ్లిపోవుచుండిరి. ఓడలో అనేకులు దీనిని పిరికితనమే అనుకొని యుందురు!

1736 జనవరి 25, ఆదివారము. సాయంకాలము మొరేవియనులు ఆరాధనలో కీర్తన పాడుచుండగా అల యొకటి విరుచుకొనిపడి పెద్ద తెరచాపను ముక్కలుగా చీల్చెను. నీరు ఓడను కప్పి లోపలికి ప్రవహించెను. ఇంగ్లీషువారు కేకలువేసిరి. మొరేవియనులు పాట ఆపలేదు. తరువాత వెస్లీ వారిలో నొకనిని, మీకు భయము కలుగలేదా యని యడిగెను. లేదని అతడు దేవునికి స్తోత్రము చెల్లించెను. మీ స్త్రీలు, పిల్లలైన భయపడలేదా యని మరల అడుగగా, వారికిని చావన్న భయము లేదని సాత్వికముగా జవాబిచ్చెను.

ఓడ మునుగదని ఆ మనుష్యుడు చెప్పలేదు. ఇది ముఖ్యము. విశ్వాసమున్నచో తుపాను మనలను ముట్టదని బోధించువారు నేడును కలరు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ప్రార్థించుచు కొట్టుకొనిపోయినవారు లేరని చెప్పుటకు ఎవనికి నోరు వచ్చును? పిల్లలను పోగొట్టుకొనిన తల్లితో, నీ విశ్వాసము చాలలేదని చెప్పుట క్రూరత్వము, అబద్ధము కూడ. హెబ్రీ పత్రిక మనకు వాగ్దానము చేయునది వేరు. మరణభయముచేత జీవితకాలమంతయు దాస్యములో నున్నవారిని క్రీస్తు తన మరణముచేత విడిపించెనని అది చెప్పుచున్నది. సిమ్మండ్స్ ఓడలో విడుదల పొందినవారును దాసులును ఒకే నీటిలో తడిసిరి. ఆ బోధకుడు దాసుల గుంపులోనే యుండెను. చనిపోవుటకు తనకు మనస్సు లేదని, అది తన విశ్వాసలోపమని ఆ దినములలోనే తన దినచర్యలో వ్రాసికొనెను.

జార్జియాలో అతని సేవ ఫలింపలేదు. 1738 ఆరంభమున తిరిగి వచ్చుచు, ఇతరులను మార్చబోయిన తన్ను మార్చువాడెవడని దుఃఖించెను. ఆ సంవత్సరము మే 24న లండనులో ఆల్డర్స్‌గేట్ వీధియందలి కూటమున, రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువగా వినుచు, క్రీస్తు తన పాపములను సయితము తీసివేసెనను నిశ్చయత పొందెను. నిశ్చయత వచ్చినంతనే పోరాటము ముగియలేదు. ఇంటికి చేరిన ఆ రాత్రియే శోధనలు మరల పైబడెను. ప్రార్థించినకొలది తొలగి, తిరిగి వచ్చుచుండెను. ధైర్యము ఒక్కసారి కొని పెట్టెలో దాచుకొను సొమ్ము కాదు. పౌలు తిమోతితో కృపావరమును మరల ప్రజ్వలింపజేయుమని చెప్పినదియు నిందుకే. నిప్పును ఊదుచుండవలెను.

1743 అక్టోబరు 20న వెడ్నెస్‌బరీ పట్టణములో అల్లరిమూక వెస్లీని పట్టుకొని, చీకటిలో, వానలో, ఒక న్యాయాధిపతి యింటినుండి మరియొకని యింటికి ఈడ్చుకొనిపోయెను. ఇద్దరును లేచి అతని మాట వినలేదు. పెద్ద దుడ్డుకఱ్ఱతో ఒకడు వెనుకనుండి పలుమారులు కొట్టబోయెను గాని దెబ్బ తగులలేదు. తుదకు ఆ మూకకు నాయకుడుగా వచ్చినవాడే అతనికి అడ్డుగా నిలిచి దాటించెను. చొక్కాపై తొడుగుకొనిన అంగీ అంచును, చేతిమీద కొంత చర్మమును పోయినవి. ఏడు సంవత్సరముల క్రిందట ఓడలో మరణమునకు వణకినవాడు, ఆ రాత్రి తనకు తోచిన ఆలోచనను గూర్చి వ్రాసిన మాట చదువదగినది. వారు తన్ను నదిలో పడవేసినచో తాను ఈదుకొని ఆవలి గట్టు చేరగలడు. జేబులోని కాగితములు మాత్రము తడిసి పాడైపోవునే యని అతడు చింతించెను.