ఇల్లు వెంట ఉన్నా పొరుగువాడు కావాలి

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1-10



2019 జూన్ నెలలో మేమిద్దరము అమెరికాలోని మా కుమారుని యొద్దకు వెళ్లాము. అతడు ఒక మోటారు హోమ్ అద్దెకు తీసుకొని మాకు దక్షిణ డకోటా రాష్ట్రము చూపించుటకు బయలుదేరాడు. మోటారు హోమ్ అనగా లారీ చట్రము మీద కట్టిన చిన్న ఇల్లు. పడకలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. ఇక ఎవరి గుమ్మమూ తొక్కనక్కరలేదని సంతోషించాము.

రెండవ దినముననే ఆ అతిశయము తగ్గింది. ట్యాంకులో నీళ్లు అయిపోతే ఒకరి కుళాయి కావాలి. వాడిన నీళ్లు పారబోయుటకు స్థలము కావాలి. రాత్రి కరెంటు కొరకు బండ్లు ఆపే మైదానములో తీగ తగిలించుకోవాలి.

మూడవ దినము మధ్యాహ్నము, మిస్సూరి నది దాటి 90వ నంబరు రహదారిలో పడమరగా వెళ్తుండగా వెనుక టైరు పేలింది. చుట్టూ గడ్డి మైదానమే. స్టెప్నీ లేదు. ఫోను చేస్తే మెకానిక్ వచ్చుటకు నాలుగు గంటలు పడుతుందన్నారు. మా కుమారుడు మరల ఫోను చేయుటకు సిగ్నలు వెదకుకొనుచు దూరముగా నడిచి వెళ్లాడు. అంతలో ఒక పాత బండి ఆగింది. ఎత్తైన మనిషి, మట్టి అంటిన బూట్లు. తలుపు తట్టాడు. మేము లోపల గడియ వేసుకొని మాట్లాడక కూర్చున్నాము. అతడు మెట్టు మీద నీళ్ల క్యాను పెట్టి వెళ్లిపోయాడు.

అరగంటలో భార్యను వెంటబెట్టుకొని, రొట్టెలు తీసుకొని మరల వచ్చాడు. అతడొక రైతు. వెనుక వచ్చే వాహనములు మమ్మును గుద్దకుండ తన బండిని మా వెనుక నిలిపి, లైట్లు వెలిగించి, టైరు మార్చేవరకు ఉన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకొనలేదు. తలుపు తీయలేదేమని కూడ అడుగలేదు.

ఆ సాయంకాలము వాల్ అనే చిన్న పట్టణములో ఆగాము. అక్కడి వాల్ డ్రగ్ అనే మందుల దుకాణమును 1931లో హస్టెడ్ దంపతులు కొన్నారు. బేరము లేక కష్టపడుతూ, 1936 వేసవిలో, ప్రయాణికులకు మంచు నీళ్లు ఉచితమని రోడ్డు పక్కన బోర్డులు పెట్టారు. మన చలివేంద్రము వంటిదే. జనము ఆగారు, వ్యాపారమూ పెరిగింది. అది మంచి పనే. కాని ఆ రైతు పెట్టిన క్యానుకు బోర్డు లేదు.

ఇప్పుడు మన పాఠ్యభాగము చూద్దాము.

1. సహాయము పొందుట అవమానము కాదు. ఓడ పగిలి 276 మంది మెలితే ద్వీపమున ఒడ్డుకు చేరారు. వారిలో అపొస్తలుడైన పౌలు కూడ ఒకడు. ఈ సంగతి వ్రాసిన లూకా "మేము" అనియే వ్రాశాడు. తాము పొందిన ఉపచారమును దాచలేదు.

2. ఉపచారము ముందు, విచారణ తరువాత. వానలో, చలిలో వణకుచున్న వారికి ఆ ద్వీపవాసులు మొదట మంట వేశారు. పాము పౌలు చేతిని పట్టినప్పుడు వీడు నరహంతకుడని అనుమానించారు. అయితే అప్పటికే మంట మండుతున్నది.

3. పొందినవారు ఇచ్చువారు కావలెను. పొప్లి ఇంట మూడు దినములు అతిథిగా ఉన్న పౌలు, జ్వరముతో పడియున్న అతని తండ్రి కొరకు ప్రార్థించి స్వస్థపరచాడు.

ఈ మూడవ మాటయే మమ్మును గద్దించుచున్నది. మా తాతగారు చిత్తూరు జిల్లా నుండి కోలారు బంగారు గనుల పనికి వచ్చిన మొదటి రాత్రి, ఒక తమిళ కార్మికుని భార్య గంజి పోసి అరుగు మీద పడుకొనమన్నది. భాష తెలియదు, ఊరు తెలియదు. గనులు 2001లో మూతపడ్డాయి గాని, ఆ అరుగు మూలముగా మేము ఇక్కడ నిలిచాము.

అట్టి మేము అమెరికా నుండి తిరిగి వచ్చిన తరువాత ఒక వర్షాకాలపు రాత్రి ఏమి చేశాము? రాయచూరు వైపు నుండి కూలికి వచ్చిన కుటుంబము మందిరపు వరండాలో తల దాచుకొనవచ్చునా అని అడిగింది. చంకలో బిడ్డ ఉన్నది. "ఎవరి యొద్ద నుండియైనా ఉత్తరము తెచ్చారా?" అని అడిగాము. వారు మాట్లాడక వానలోనే వెళ్లిపోయారు. తెల్లవారి బస్టాండులో వెదకితే కనబడలేదు. డకోటాలో వేసుకొన్న గడియను మేము ఇంటివరకు మోసుకొని వచ్చామని అప్పుడు తెలిసింది.

తరువాత సంఘపెద్దలతో మాట్లాడి వరండా గేటు తాళపుచెవి ఒకటి వాచ్‌మన్ యొద్ద ఉంచాము. రెండు చాపలు, ఒక నీళ్ల కుండ కూడ ఉంచాము. ఇది చిన్న పని. ఆలస్యముగా చేసిన పని.

ఆలోచించుటకు:
1. మీ కుటుంబము ఈ ఊరికి వచ్చినప్పుడు మొదట తలుపు తీసినవారెవరు? మీ పిల్లలకు ఆ సంగతి తెలుసా?
2. హెబ్రీయులకు 13:2 చదవండి. గత సంవత్సరములో మీరు ఆదరించిన కొత్తవారెందరు?
3. ఈ రాత్రి వానలో ఒకరు వస్తే, మీ మందిరము తాళపుచెవి ఎవరి యొద్ద ఉన్నది?