పొలానికేగా అనకండి

గుంటూరు, ఒంగోలు మధ్య నల్లరేగడి ఊళ్లలో బండి లేని రైతు ఇల్లు అరుదు. విత్తనాల సంచి, పాల క్యాను, బడికెళ్లే పిల్ల, అన్నీ దానిమీదే. రాజ్‌దూత్‌ల కాలం నుంచి టీవీఎస్ ఎక్సెల్ దాకా ఈ దారుల్లోనే తిరిగినవాణ్ణి. మా ఊరి కుర్రాళ్లకు ఎప్పుడూ చెప్పే మాటలే ఇవి.

1. మనవాళ్లు హెల్మెట్‌ను హైవే కోసం దాస్తారు. చిలకలూరిపేట వైపు వెళ్లే రోజున పోలీసులుంటారని తీస్తారు, పొలానికైతే తలగుడ్డ చాలంటారు. తలగుడ్డ ఎండను ఆపుతుంది, అంతే. బండి ఇరవై మీద పోయినా, అరవై మీద పోయినా మనిషి కూర్చున్న ఎత్తు ఒకటే. ఆ ఎత్తు నుంచి తల రాయికి తగిలితే చాలు, ప్రాణం పోవడానికి వేగం అక్కర్లేదు. కల్వర్టు గోడలు, సరిహద్దు రాళ్లు, కాలువ తూములు పొలం దారిలోనే ఎక్కువ.

2. పట్టీ బిగించని హెల్మెట్ తలకన్నా ముందే ఎగిరిపోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా పట్టీతో బిగించమనే చెబుతోంది, వెనక కూర్చున్నవాళ్లకు కూడా. కొనేటప్పుడు నెత్తిన పెట్టి, పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు తోయండి. ఊడివస్తే అది మీ తలకు కాదు. లోపల థర్మోకోల్ లాంటి పొర ఉంటుంది. దెబ్బ పడ్డప్పుడు అది నలిగి, తలకు తగిలే అదురును తాను తీసుకుంటుంది. నలిగింది మళ్లీ పొంగదు. కాబట్టి గట్టి దెబ్బ తిన్నదాన్ని, పైన గీత లేకపోయినా, మార్చాల్సిందే. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లు అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి నిబంధన ఉంది. రోడ్డు పక్క టోపీలాంటివి కొని మోసపోకండి.

హెల్మెట్ పోలీసుల చాదస్తం అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1935లో ఇంగ్లండులో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటారుసైకిల్ మీంచి పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకడు. ఆయన ఆ తరువాత సైన్యంలో మోటారుసైకిళ్ల మీద తిరిగేవాళ్ల ప్రమాదాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని 1941లో రాశాడు. తరువాతి పరిశోధనలన్నీ కలిపి చూస్తే హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల దెబ్బల ముప్పు 69 శాతం తగ్గుతున్నట్టు తేలింది. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే హెల్మెట్ లేక 50,029 మంది పోయారని కేంద్రం లెక్క. మాచర్ల, రేపల్లె లాంటి పట్నం ఒకటి ఏడాదిలో ఖాళీ అయిపోవడంతో సమానం. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవుతుంది.

3. వాన పడ్డ రోజున డొంక వచ్చి తారు రోడ్డులో కలిసే చోటు చూసుకోండి. ట్రాక్టరు టైర్లు రేగడి మట్టిని రోడ్డు మీదికి ఈడ్చుకొస్తాయి. నాలుగు చినుకులు పడగానే అది వెన్నలా జారుతుంది. అక్కడికి చేరకముందే వేగం తగ్గించాలి, మట్టి మీదికొచ్చాక ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. డొంకలోనే పోవాల్సివస్తే మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య మట్టి కూరుకుని చక్రం బిగిసిపోతుంది. దిగి, పుల్లతో గీకి, నడిపించుకుపోండి. ఇసుక మీదా బండి అలాగే జారుతుంది. 2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి జారి పడ్డాడు. నెలకు పైగా ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. ఆ రోజు తలకు హెల్మెట్ ఉంది.

4. మాఘం నుంచి చైత్రం దాకా రాత్రి ప్రయాణం మానుకోగలిగితే మానుకోండి. మిర్చి టిక్కీలతో యార్డుకు పోయే లారీలు, పత్తి బోరాలు పక్కలకు పొంగిన ట్రాక్టరు ట్రక్కులు అప్పుడే ఎక్కువ. బోరాలు వెనక లైటును కప్పేస్తాయి. ఎదుటి లారీ లైటు కళ్లలో పడితే ముందు ఆగివున్న ట్రక్కు అసలు కనబడదు. అలాంటప్పుడు మీ లైటు వెలుగు పడినంత దూరంలో ఆగగలిగే వేగమే వేగం. ట్రక్కు ఉన్న రైతన్నలకు నా విన్నపం: వెనక తలుపుకు ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి, బోరాలు దాన్ని కప్పకుండా చూడండి.

5. రోడ్డు వారన కాయలు, మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తాం. పంట ఎత్తుకున్నవాళ్లు రాళ్లూ ఎత్తాలి.

6. పురుగుమందు కొట్టిన సాయంత్రం బండి తీయకండి. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు ఒంటికి పడితే కంటిపాప చిన్నదైపోయి చూపు మసకబారుతుంది, చెమటలు పడతాయి, తల తిరుగుతుంది. అది అలసట అనుకుని బయల్దేరతారు. ముందు స్నానం చేసి, బట్టలు మార్చి, ఇంకా తల తిరుగుతుంటే ఆసుపత్రికి వేరేవాళ్లు తీసుకెళ్లాలి. కోటప్పకొండ తిరునాళ్లలో రాత్రంతా ప్రభలు చూసి తెల్లారుజామున బండెక్కేవాళ్లకూ ఇదే మాట. ఒక గంట నడుం వాల్చి రండి.

7. ఆడపిల్లలు చున్నీ ముడివేసి, కొంగు నడుముకు దోపుకుని కూర్చోవాలి. శారీ గార్డు అందానికి అడ్డమని విప్పేసే కుర్రాళ్లున్నారు. వెనక చక్రం సగమైనా కప్పివుండాలన్నది రూలు. చక్రంలో చిక్కిన కొంగు మెడకు బిగుసుకుంటుంది.

8. పడేటప్పుడు ముందు నేలకు ఆనేవి అరచేతులు. తోలు లేచిన చేత్తో మిరపకాయ ముట్టుకోలేం, సీజనంతా కూలీ పోతుంది. చేతులకు గ్లౌజులు, కాళ్లకు మడమ కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు ఉండాలి. లుంగీ, హవాయి చెప్పులు ఇంట్లోకి.

9. ఎవరైనా పడిపోయి ఉంటే ముందు 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, మెడ కదలనివ్వకండి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ అదిమి పట్టండి. కేసులో ఇరుక్కుంటామని భయం వద్దు. 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లను కాపాడుతుంది, పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2025 మే నుంచి ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో క్షతగాత్రులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం ఉంది. కౌంటరు దగ్గర డబ్బు కట్టమంటే ఆ పథకం పేరు చెప్పి అడగండి.