ఇద్దరు వాదించునప్పుడు వినువాని బాధ్యత

పాఠ్యభాగము: అపొ. కార్యములు 24:1–27. కూడ చదువదగినవి: నిర్గమ. 4:10–16, 20:16, 32:1–6, 1 సమూయేలు 16:7, సామెతలు 18:17.



2024 జూను 28వ తేదీ ఉదయము 6:30 గంటలకు, మన మర్కూక్‌లో పశువులకు గడ్డి వేయు వేళ, అమెరికాలోని అట్లాంటా పట్టణములో ఇంకను 27వ తేదీ రాత్రియే. అక్కడ అధ్యక్ష పదవి కోరిన జో బైడెనుగారును డొనాల్డు ట్రంపుగారును టెలివిజనులో 90 నిమిషములు వాదించిరి. ఎదుట ప్రేక్షకులు లేరు. ఒకరు మాటలాడునప్పుడు రెండవవారి మైకు ఆపివేయబడెను. బైడెనుగారికి అప్పుడు 81 ఏండ్లు. ఆయన గొంతు బొంగురుపోయెను. ఒకచోట మాట మధ్యలో తడబడి ఆగిపోయిరి.

ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మన యౌవనులు ఆ తడబాటును మాత్రము ఫోనులో చూపిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితినని ఒప్పుకొనుచున్నాను. అప్పుడు ఒక వృద్ధురాలు, "అయ్యగారూ, అందరు నవ్వుతున్రు గని, ఆ ముసలాయన ఏం చెప్పిండో ఎవలన్న ఇన్నరా?" అని అడిగెను. మాలో ఒక్కరును జవాబియ్యలేకపోతిమి. ఆమె ప్రశ్నయే ఈ నెల మన పాఠము.

1. ఫేలిక్సు ఎదుట ఇద్దరు

కైసరయలో అధిపతియైన ఫేలిక్సు ఎదుట ఇట్టి వాదమే జరిగెను. యూదుల పెద్దలు తెర్తుల్లు అను వక్తను తెచ్చిరి. అతడు మొదట అధిపతిని పొగడెను. తరువాత పౌలును పీడవంటివాడని నిందించెను. పౌలు వంతు వచ్చినప్పుడు ఆయన పొగడ్తలు పెంచలేదు. తాను యెరూషలేమునకు వచ్చి పండ్రెండు దినములే అయినదనియు, దానిని విచారించి తెలిసికొనవచ్చుననియు చెప్పెను. ఒకడు పొగడ్తయు నిందయు ఇచ్చెను. ఒకడు దినమును స్థలమును చెప్పెను. వినువాడు చూడవలసిన భేదమిదే.

అయితే ఫేలిక్సు ఏమి చేసెను? ఇరుపక్షములను వినియు తీర్పు వాయిదా వేసెను. లంచము దొరకునేమోయని ఆశించి పౌలును రెండేండ్లు బంధకములలో ఉంచెను. వినుట మాత్రము చాలదు, న్యాయముగా తీర్చవలెను.

2. రూపమును చూచుట

1960 సెప్టెంబరు 26న షికాగోలో కెనడీ, నిక్సనుల మధ్య ఇట్టి అధ్యక్ష వాదము మొదటిసారి టెలివిజనులో చూపబడెను. కొద్ది దినముల క్రితమే ఆసుపత్రినుండి వచ్చిన నిక్సను ముఖము పాలిపోయి కనబడెను. నేటికిని ఆ వాదమునుగూర్చి చెప్పువారు ఎక్కువగా చెప్పునది ఆ ముఖమునుగూర్చియే. ఏలీయాబు ఎత్తును చూచిన సమూయేలునే దేవుడు హెచ్చరించెను గదా! మోషే నోటి మాంద్యము గలవాడు. అహరోను బాగుగా మాటలాడగలవాడు. అయినను బంగారు దూడను చేసినవాడు అహరోనే.

పదవికి బలము చాలునా అని అడుగుట తప్పు కాదు. అమెరికా ప్రజలు అట్లే అడిగిరి. బైడెనుగారు జూలై 21న పోటీనుండి తప్పుకొనిరి. అయితే అడుగుట వేరు, వృద్ధుని నాలుక తడబడగా ఎగతాళి చేయుట వేరు.

3. నవ్వు చాటున అబద్ధము

సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో ట్రంపుగారును కమలా హారిసుగారును వాదించిరి. ఒహాయో రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో వలసవచ్చినవారు ఇరుగుపొరుగువారి పెంపుడు కుక్కలను, పిల్లులను తినుచున్నారని ట్రంపుగారు చెప్పిరి. నమ్మదగిన సమాచారమేదియు లేదని ఆ పట్టణపు అధికారులు తెలిపిరి. లోకము దానిని పాటలుగా కట్టి నవ్వుకొనెను. ఆ వారములోనే ఆ పట్టణమునకు బాంబు బెదిరింపులు వచ్చెను. పిల్లలను బడులనుండి బయటికి పంపవలసివచ్చెను. పేదలమీద వేయు నింద ఎంత దూరము పోవునో, ఊరి చివర బ్రతికిన మన తాతలు ఎరుగుదురు. అబద్ధసాక్ష్యమును నవ్వుతో మోసినవాడును దానిలో పాలివాడే.

ఆ రాత్రి హారిసుగారే బాగుగా మాటలాడిరని చూచినవారిలో ఎక్కువమంది చెప్పిరి. నవంబరు 5న గెలిచినవారు ట్రంపుగారు. కాబట్టి వాదములో గెలుపు వేరు, ఎన్నికలో గెలుపు వేరు, సత్యము మరియొకటి.

4. మన యెదుట ఉన్నది

2023 నవంబరు 30న మన గజ్వేల్ నియోజకవర్గములో కె. చంద్రశేఖరరావుగారును ఈటల రాజేందరుగారును పోటీపడిరి. వారిద్దరు ఒకే వేదికమీద ఒకరికొకరు జవాబిచ్చుట మనము చూడలేదు. మన పక్షమువారి సభకు మనము పోతిమి. అవతలివారిని మనవారి నోటనే వింటిమి. మొదట మాటలాడినవాడు న్యాయవంతుడుగా కనబడునని, ఎదుటివాడు వచ్చి విచారించువరకే అది నిలుచునని సొలొమోను చెప్పెను. గ్రామ పంచాయతీయైనను, సంఘ కమిటీయైనను, ఇంటిలో అన్నదమ్ముల తగాదాయైనను సూత్రమొకటే.

ఇంటియొద్ద ఆలోచించుటకు: 

ఈ మాట చెప్పినవాడు విచారణకు నిలుచు సంగతి చెప్పెనా, పొగడ్తయు నిందయు మాత్రమే చెప్పెనా? 

ఎదుటివాని మాటను అతని నోటనే వింటినా? 

నేను ఇతరులకు పంపిన ముక్కవలన ఎవని పిల్లలకు భయము కలుగును?

ప్రార్థన: ప్రభువా, తొందరపడి నవ్విన మమ్మును క్షమించుము. వినుటకు ఓర్పును, తీర్పు తీర్చుటకు న్యాయమును మాకు దయచేయుము. ఆమేన్.