కార్డు ఉంది కదా అని మాత్రలు మానవద్దు



“సిస్టరుగారూ, ఆరోగ్యశ్రీని ఇన్సూరెన్సు కంపెనీలకు ఇస్తారటగా, మా కార్డు పనిచేస్తుందా?” అని వార్డుల్లో చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. ముందు సంగతి తెలుసుకుందాము.

ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై, 2008లో రాష్ట్రమంతటికీ వచ్చింది. అప్పట్లో తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల వరకు వైద్యం. అంతకుముందు గుండె ఆపరేషను అంటే మన డెల్టాలో ఉన్న అరెకరం అమ్ముకోవడమే. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలు చేశారు. 2024 నుండి దీని పేరు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతిని ఆమోదించింది. దాని ప్రకారం పేద, ధనిక తేడా లేకుండా అన్ని కుటుంబాలకూ 2.5 లక్షల వరకు బీమా కంపెనీ చెల్లించాలి. పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలి.

దీనిపై రెండు మాటలున్నాయి. బిల్లులు త్వరగా వస్తాయని కొందరి ఆశ. 2025 అక్టోబరులో బకాయిలు అందలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు ఇబ్బంది పడింది రోగులే. కంపెనీ లాభం చూసుకుని బిల్లులకు కొర్రీలు పెడుతుందని మరికొందరి భయం. రెండూ ఆలోచించదగినవే.

అయితే ఈ వాదనలో మరుగున పడుతున్న సంగతి ఒకటుంది. మంచి సమరయుడు పూటకూళ్లవానికి డబ్బు ఇచ్చింది తరువాత; మొదట దారిలోనే గాయాలు కట్టాడు. బీమా చేసేది ఆ రెండవ పని మాత్రమే. రోజూ వేసుకునే బి.పి., షుగరు మాత్రలు దానిలోకి రావు.

అవనిగడ్డ వైపు నుండి ఒక కౌలురైతును పక్షవాతంతో తీసుకొచ్చారు. ఏడాదిగా బి.పి. మాత్రలు మానేశాడు. “ఏమైనా అయితే కార్డు ఉందిగా అనుకున్నామమ్మా” అని భార్య ఏడ్చింది. ఖర్చు పథకమే భరించింది. కుడిచేయి మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి గుర్తుంచుకోండి:

1. ముప్పై దాటినవారు ఏడాదికొకసారైనా బి.పి., షుగరు చూపించుకోండి.
2. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్రలు ఉచితం. బాగుందని మానవద్దు.
3. రేషన్ కార్డు, ఆధార్ కార్డు ఒకేచోట ఉంచండి. ఆసుపత్రిలో చేరేముందే పథకం కౌంటరులో అడగండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

ప్రభుత్వం ఏ పద్ధతి ఎంచుకున్నా, రేపు ఉదయం వేసుకోవలసిన మాత్ర మీ చేతిలోనే ఉన్నది. దేవుడు మీ కుటుంబములను కాపాడును గాక.