పఠన వైకల్యం: చట్టం చెప్పినదీ, లిపి అడిగేదీ

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం మన పాఠశాలల మీద ఒక కొత్త బాధ్యతను మోపినది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం గల బాలలను వీలైనంత త్వరగా గుర్తించి, ఆ వైకల్యాన్ని అధిగమించడానికి తగిన బోధనోపాయాలను విద్యాసంస్థలు చేపట్టేటట్లు ప్రభుత్వాలు కృషి చేయాలని ఆ చట్టంలోని 16వ విభాగం ఆదేశిస్తున్నది. ఐదేళ్లకొకసారి బడి పిల్లల సర్వే జరపాలని 17వ విభాగం చెబుతున్నది. 1995 నాటి పాత చట్టం గుర్తించిన 7 వైకల్యాలలో దీనికి చోటు లేదు. 2016లో ఆ జాబితా 21కి పెరిగినప్పుడు ఇది అందులో చేరినది. అంతవరకు ‘మొద్దు’, ‘సోమరి’ అన్న మాటలే ఈ పిల్లలకు బడి ఇచ్చిన ధ్రువపత్రాలు.

ఈ వైకల్యాలలో ముఖ్యమైనది డిస్లెక్సియా, అనగా పఠన వైకల్యం. ఈ పేరును 1887లో జర్మన్ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టినాడు. అయితే ఆయన చూసినది మెదడుకు దెబ్బ తగిలి చదువు మరచిన పెద్దవారిని. పుట్టుకతోనే చదువు పట్టుబడని బాలుని వృత్తాంతాన్ని 1896లో బ్రిటిష్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ లోకానికి వెల్లడించినాడు. ఆ 14 ఏళ్ల బాలుడు చురుకైనవాడు, లెక్కలలో గట్టివాడు. నోటితో చెప్పే పాఠమే చదువైతే అతడే బడిలో మొదటివాడు కాగలడని అతని ఉపాధ్యాయుడు భావించినాడు. అచ్చులో ఉన్న చిన్న మాట మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. చూపులో లోపం, బుద్ధిలో లోపం లేకుండానే చదువు ఆగిపోవచ్చునని వైద్యులు మొదట తెలుసుకున్నది ఇలాంటి బాలుర వల్లనే.

2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ అనే హిందీ చలనచిత్రం ఈ విషయాన్ని మన దేశంలో ఇంటింటి మాటగా చేసినది. అది చేసిన మేలు తక్కువది కాదు. కాని అక్షరాలు తలకిందులుగా కనబడడమే ఈ వైకల్యమన్న అపోహ కూడా దానితోపాటు వ్యాపించినది. పరిశోధకులు ఎక్కువమంది అంగీకరించేది వేరు. చిక్కు కంటిలో లేదు. మాటను ధ్వనులుగా విడదీయడంలో, ఆ ధ్వనులను గుర్తులతో ముడివేయడంలో ఉన్నది. ఇంగ్లీషులో ‘బి’, ‘డి’ చిన్న అక్షరాలు అద్దంలో ప్రతిబింబాల వలె ఉంటాయి గనుక వాటిని తారుమారు చేయడం అక్కడి పిల్లలలో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. తెలుగు వర్ణమాలలో అటువంటి జంటలు దాదాపు కానరావు. మరి తెలుగు చదివే పిల్లవానిలో ఈ వైకల్యాన్ని దేనిని బట్టి గుర్తించాలి?

ఇంగ్లీషు నేర్చే పిల్లవాడు 26 అక్షరాలు నేర్చి, అవి పలికే తీరులోని అస్తవ్యస్తంతో ఏళ్ల తరబడి పోరాడతాడు. తెలుగు పిల్లవానికి ఆ పోరాటం లేదు. రాసినదే పలుకుతాడు. అయితే అతని ఎదుట ఉన్న రాశి పెద్దది. హల్లులను గుణింతాలతో హెచ్చించితేనే 400 రూపాలు దాటుతాయి. వత్తులు చేరితే లెక్క ఎక్కడికో పోతుంది. త, న, మ, య, ర, ల అనే హల్లుల వత్తులు మూలాక్షరాలను పోలియుండవు. ‘భక్తి’ అనే మాటను చూడండి. గుడి ‘క’ మీద ఉంటుంది, ఇకారం మాత్రం ‘త’ తరువాత పలుకుతుంది. కన్ను చూసే క్రమం ఒకటి, నాలుక పలికే క్రమం మరొకటి. ‘భకిత’ అని చదివిన పిల్లవాడు కన్నును నమ్మినాడు, అంతే. హిందీలోనూ ఇకారపు గుర్తును హల్లుకు ముందే రాసి, వెనుక పలుకుతారు. పైగా హిందీలో ‘కమల’ అని రాసి ‘కమల్’ అని చదవాలి. తెలుగులో ఆ బాధ లేదు. కాబట్టి ఇంగ్లీషు నుండి తెచ్చిన పరీక్ష తెలుగుకు పనికిరాదనడం మాత్రమే చాలదు. హిందీలో తయారైన పరీక్షను కూడా మాటకు మాట అనువదించి తెలుగు పిల్లల ముందు పెట్టరాదు. అనువాదం కథకు సరిపోతుందేమో గాని అక్షరానికి సరిపోదు.

కన్నడ పిల్లల పఠనాన్ని గూర్చి సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ప్రస్తావించదగినది. అక్షరాలన్నీ పట్టుబడడం మొదటి తరగతితో ముగియదనీ, ఆ పై తరగతులకూ సాగుతుందనీ అందులో తేలినది. కన్నడ లిపి తెలుగు లిపికి తోబుట్టువు. అంటే రెండవ తరగతిలో సంయుక్తాక్షరం వద్ద తడబడడం ఒక్కటే వైకల్యానికి సాక్ష్యం కాజాలదు. మరొక సంగతి 1993లో హైన్జ్ విమ్మర్ జర్మన్ భాషలో చదివే పిల్లలను పరీక్షించినప్పుడు బయటపడినది. రాసినట్టే పలికే భాషలలో ఈ పిల్లలు తప్పులు చేయడం తక్కువ. వారి లోపం ముఖ్యంగా మందగతిలో ఉంటుంది. తెలుగు ఉపాధ్యాయులకు ఇది ఎంతైనా గమనార్హం. ప్రతి అక్షరాన్నీ తప్పులేకుండా కూడబలుక్కుంటూ, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోయే పిల్లవాణ్ణి ‘నెమ్మదస్తుడు’ అని వదిలివేయడం మన బడులలో పరిపాటి.

భారతీయ భాషలలోనే తయారైన పరిశీలన సాధనం లేకపోలేదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన ‘డాలి’ 2015లో వెలువడినది. మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు భాషలలో దానిని తయారుచేసినారు. 1, 2 తరగతులకు ఒక పత్రం, 3 నుండి 5 వరకు మరొకటి. వాటిని ఉపాధ్యాయుడే నింపవచ్చును. వైద్యుని కంటె ముందు పిల్లవాని చదువును రోజూ వినేది ఉపాధ్యాయుడే గనుక ఈ ఏర్పాటు సమంజసమైనది.

చట్టం వెంట వచ్చిన నిబంధనలలో మాత్రం ఒక జాగు ఉన్నది. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం మూడవ తరగతి లేక 8 ఏళ్ల వయస్సు నాటికి బడిలోనే ప్రాథమిక పరిశీలన జరగాలి. అందుకు ప్రధానోపాధ్యాయుని ఆధ్వర్యాన ఒక సంఘం ఉండాలి. ధ్రువపత్రం 8 ఏళ్లు నిండితేనే లభిస్తుంది. 14వ ఏట, 18వ ఏట మళ్లీ పరీక్షించుకోవాలి. తొందరపడి పసిపిల్లలకు ముద్ర వేయరాదన్న ఉద్దేశం మంచిదే. కాని ధ్రువపత్రానికి పెట్టిన వయస్సు బోధనకు కూడా గడువుగా మారిపోతున్నది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఈ విషయమై 1985లోనే శాసనం చేసినది. కాలిఫోర్నియా 2023లో చేసిన శాసనం 2025-26 విద్యా సంవత్సరం నుండి కిండర్‌గార్టెన్ మొదలు రెండవ తరగతి వరకు పిల్లలను ఏటేటా పరిశీలించాలంటున్నది. అక్కడ పరిశీలన ముగిసే తరగతి తరువాతనే ఇక్కడి గడువు వస్తున్నది.

ఈ లోటును కొంత పూరించగలది 2021 జులై 5న ప్రారంభమైన ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం. 2026-27 నాటికి ప్రతి బిడ్డా మూడవ తరగతి ముగిసేసరికి అర్థవంతంగా చదవగలగాలని అది లక్ష్యం పెట్టుకొన్నది. తెలంగాణలో 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ కూడా ఇదే ఉద్దేశంతో మొదలైనది. రెండవ తరగతిలో నిమిషానికి 45 నుండి 60 మాటలు, మూడవ తరగతిలో కనీసం 60 మాటలు అన్నది నిపుణ్ ప్రకటించిన కొలత. ఇంగ్లీషులో నాలుగైదు మాటలలో చెప్పే సంగతి తెలుగులో ‘వెళ్లవలసివచ్చినప్పుడు’ అని ఒకే మాటలో ఇముడుతుంది. ఆ కొలతతో తెలుగు పిల్లవాడు ఊరకనే వెనుకబడినవాడవుతాడు. 2022 మార్చిలో ఎన్.సి.ఇ.ఆర్.టి. 20 భాషలలో, సుమారు 86,000 మంది మూడవ తరగతి పిల్లలతో జరిపిన అధ్యయనం ఏ భాష ప్రమాణాన్ని ఆ భాషలోనే నిర్ణయించడానికి పూనుకొన్నది. ఇది సరైన దారి.

ఇక అసలు చిక్కు మరొకటి. ఇంట కోయ, గోండి లేక లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లవాడు తడబడితే అది వైకల్యం కాదు; భాష కొత్త. పాఠం చెప్పేవారు లేక చదువు రాని పిల్లవానిది కూడా వైకల్యం కాదు. ఈ ముగ్గురూ పరీక్షలో ఒకే విధంగా తప్పుతారు. వారిని విడదీయడానికి ఉన్న ఉపాయం ఒక్కటే. ధ్వనినీ అక్షరాన్నీ జోడించి, రోజూ కొద్దికొద్దిగా, నెలల తరబడి క్రమంగా బోధించి, ఎవరు ముందుకు కదిలినారో, ఎవరు కదలలేదో చూడడం. చక్కగా బోధించిన తరువాత కూడా మిగిలిపోయినవానికే వైద్యుడు, మనస్తత్వవేత్త, ధ్రువపత్రం. ఆ ధ్రువపత్రం వల్ల పదవ తరగతి పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సహాయం లభిస్తాయి. మహారాష్ట్ర ప్రభుత్వం ఇటువంటి సదుపాయాలను 1996లోనే కల్పించినది. నగరంలో ఆసుపత్రి దగ్గరగా ఉన్న కుటుంబాలకు అవి అందుతాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతుల పిల్లల నడుమ కూర్చున్న రెండవ తరగతి బాలునికి అందగలిగినది ఆ ఉపాధ్యాయుడు వారానికొకసారి పక్కన కూర్చోబెట్టుకొని చదివించి, నిమిషంలో ఎన్ని మాటలు చదివినాడో, ఏ వత్తు వద్ద ఆగినాడో రాసిపెట్టుకొనే పుస్తకం.